అలిపిరి చెకింగ్‌లో ఖాళీ తూటా బయటపడితే..? ఆ చిన్న ఇత్తడి గొట్టం వెనుక ఇంత కథ ఉందా!

తిరుమల కొండకు వాహనంలో వెళ్లే ప్రతి బ్యాగూ అలిపిరి దగ్గర స్కానర్‌లోంచి వెళ్లాల్సిందే. సిగరెట్లు, మద్యం, మాంసం లాంటివి తీసుకెళ్లకూడదని అందరికీ తెలుసు. అందుకే బ్యాగ్ సర్దేటప్పుడే చాలామంది అవన్నీ తీసేస్తారు. కానీ బ్యాగ్ అడుగున, ఎప్పుడో మర్చిపోయిన ఓ చిన్న జేబులో, వేలెడంత ఇత్తడి గొట్టం ఉంటే? అది కాల్చేసిన తూటా తాలూకు ఖాళీ గొట్టం అయితే?

"ఖాళీదే కదండీ, దాంట్లో ఏముంది?" అనుకుంటాం. అసలు విషయం అక్కడే ఉంది. తూటాలో ఒకసారి కాల్చాక కూడా మళ్లీ పనికొచ్చే ముక్క ఆ గొట్టం ఒక్కటే. అమెరికా లాంటి దేశాల్లో దాన్ని ఏరి, కడిగి, సైజు చేసి, మళ్లీ తూటాగా మార్చడం ఒక పెద్ద హాబీ. మన దగ్గర అదే పని లైసెన్స్ లేకుండా చేస్తే జైలుకు పంపే నేరం. ఒకే వస్తువు, రెండు దేశాల్లో రెండు కథలు. ఆ తేడా ఏంటో, బ్యాగ్ సర్దే ముందు ఏం చూసుకోవాలో వివరంగా చూద్దాం.

అలిపిరిలో అంత గట్టి తనిఖీ ఎందుకు?

అలిపిరి అంటే శేషాచలం కొండల పాదం. మెట్ల దారి మొదలయ్యేదీ ఇక్కడే, బస్సులు, కార్లు ఘాట్ రోడ్డెక్కేదీ ఇక్కడి నుంచే. అందుకే కొండ మీదికి ఏది వెళ్లాలన్నా చూసి పంపే గేటు ఇదే అయ్యింది.

దీని వెనుక ఓ చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2003 అక్టోబర్ 1న, బ్రహ్మోత్సవాల సమయంలో స్వామివారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్‌పై నక్సలైట్లు అలిపిరి దగ్గరే క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఆయుధానికి, పేలుడు పదార్థానికి సంబంధించిన ఏ చిన్న వస్తువు కనిపించినా ఇక్కడ భద్రతా సిబ్బంది తేలిగ్గా తీసుకోరు. వాళ్లు తీసుకోకూడదు కూడా.

తూటాలో ఏముంటుంది?

మనం మామూలుగా మొత్తం తూటానే బుల్లెట్ అంటుంటాం. నిజానికి అందులో నాలుగు భాగాలు ఉంటాయి. ముందు భాగంలో దూసుకెళ్లే లోహపు ముక్క. అసలు బుల్లెట్ అంటే అదే. లోపల మందు. అడుగున, మధ్యలో నాణెంలా కనిపించే చిన్న బిళ్ల ప్రైమర్. ఈ మూడింటినీ కలిపి పట్టుకునేది ఇత్తడి గొట్టం. దాన్ని కేస్ అంటారు.

ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీలోని పిన్ను ప్రైమర్‌ను కొడుతుంది. నిప్పురవ్వ పుడుతుంది. మందు అంటుకుంటుంది. బుల్లెట్ వెళ్లిపోతుంది. మందు కాలిపోతుంది, ప్రైమర్ అయిపోతుంది. మిగిలేది కేస్ ఒక్కటే.

మన చిత్తూరు జిల్లా పల్లెల్లో వినిపించే నాటు తుపాకీకి ఈ కేస్‌తో పనే లేదు. దాంట్లో గొట్టం ముందు నుంచే మందు, రవ్వలు వేసి కూరుతారు. రైఫిల్ అలా కాదు. కేస్ లేకపోతే రైఫిల్ ఒక ఇనుప కర్రతో సమానం.

ఇత్తడే ఎందుకు?

మనింట్లో బిందె, గంట, దీపం కుందె చేసే ఇత్తడే ఇదీ. కాకపోతే పాళ్లు లెక్క ప్రకారం ఉంటాయి. 70 శాతం రాగి, 30 శాతం జింక్. దీనికి కాట్రిడ్జ్ బ్రాస్ అనే పేరే ఉంది.

రైఫిల్ పేలినప్పుడు లోపల ఎంత ఒత్తిడి పుడుతుందో తెలుసా? కారు టైర్‌లో మనం కొట్టించే గాలి దాదాపు 32 పీఎస్ఐ. .308 అనే రైఫిల్ తూటాకు అమెరికా తయారీదారులు పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 62,000 పీఎస్ఐ. అంటే టైర్ కంటే 1,900 రెట్లకు పైనే!

ఆ ఒత్తిడికి ఇత్తడి కేస్ ఉబ్బి, తుపాకీ గదికి అతుక్కుపోతుంది. వేడి గ్యాస్ వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు రాకుండా అడ్డుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుంటుంది. అందుకే సులువుగా బయటికి వస్తుంది. ఉబ్బడం, మళ్లీ ముడుచుకోవడం.. ఈ రెండూ కుదిరినందుకే ఇత్తడి ఇంతకాలంగా నిలబడింది.

అమెరికాలో దీన్ని ఏం చేస్తారు?

డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఉండే మనవాళ్ల ఫ్రెండ్స్‌లో వీకెండ్ షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాళ్లు ఉంటారు. అక్కడ సొంత వాడకం కోసం తూటాలు మళ్లీ నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. దీన్నే రీలోడింగ్ అంటారు. ఖర్చు తగ్గుతుంది, గురి మెరుగవుతుంది అని చేస్తారు. వాళ్ల పనిలో సగం కేస్‌ను ఎంచుకోవడంలోనే ఉంటుంది.

మొదట చూసేది కేస్ అడుగున ఉండే ముద్ర. దాన్ని హెడ్‌స్టాంప్ అంటారు. ఏ ఫ్యాక్టరీ చేసింది, ఏ సైజు, కొన్నిసార్లు ఏ ఏడాది అన్నది కూడా అందులో ఉంటుంది. మన దేశంలో పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాల మీద కేఎఫ్ అనే ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఖడ్కీకి పాత పేరు కిర్కీ. ఆ పేరుతో వచ్చిన ముద్ర అది.

రకరకాల ఫ్యాక్టరీల కేసులు కలిపేస్తే ఏమవుతుంది? బయటికి ఒకేలా కనిపించినా లోపలి గోడ మందం వేరుగా ఉంటుంది. సైన్యం వాడే 7.62 ఎంఎం కేసు గోడ, బజారులో దొరికే .308 కేసు గోడ కంటే సాధారణంగా మందంగా ఉంటుంది. లోపల చోటు తక్కువ. అదే కొలత మందు వేస్తే ఒత్తిడి పెరిగిపోతుంది. ఒకే గిద్దెడు బియ్యం పెద్ద గిన్నెలో ఒకలా, చిన్న గిన్నెలో ఒకలా పొంగినట్టన్నమాట. అందుకే ఏ ముద్రవి ఆ డబ్బాలోనే ఉండాలన్నది వాళ్ల మొదటి నియమం.

రెండోది, అడుగున రంధ్రం. ప్రైమర్ నిప్పు లోపలికి వెళ్లడానికి మధ్యలో ఒకే రంధ్రం ఉంటే అది బాక్సర్ రకం. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం. బాక్సర్ రకంలో వాడిన ప్రైమర్‌ను ఒక సూదితో నెట్టేయవచ్చు. బెర్డాన్‌లో అది కష్టం. చిత్రమేంటంటే, ఎడ్వర్డ్ బాక్సర్ బ్రిటన్ సైనికాధికారి, కానీ ఆయన పద్ధతి అమెరికాలో పాతుకుపోయింది. హైరమ్ బెర్డాన్ అమెరికన్, ఆయన పద్ధతి యూరప్ సైన్యాలకు వెళ్లింది!

మూడోది పగుళ్లు. మూతి దగ్గర సన్నగా చీలితే ఆ కేస్ చెత్తలోకే. అంతకంటే ప్రమాదకరమైనది అడుగు భాగానికి కాస్త పైన, చుట్టూ మెరిసే సన్నని గీత. లోపల గోడ పల్చబడిందనడానికి అది గుర్తు. అలాంటిది మళ్లీ పేలిస్తే కేస్ రెండు ముక్కలై, మంట వెనక్కి తన్నే ముప్పు ఉంటుంది.

చింతపండు నుంచి కొలిమి దాకా

ఎంచుకున్నాక శుభ్రం చేయడం. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెను చింతపండుతో తోమేవాళ్లు గుర్తుందా? చింతపండులోని పులుపు ఇత్తడి మీది నలుపును కరిగిస్తుంది. రీలోడింగ్ చేసేవాళ్లు అదే సూత్రంతో సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు వాడతారు. ఇంకొందరు వాల్‌నట్ పెంకుల పొడి, మొక్కజొన్న కంకి పొడి వేసి తిరిగే డబ్బాలో గంటల తరబడి దొర్లిస్తారు.

ఇక్కడ ఆరోగ్యం విషయం ఒకటుంది. చాలా ప్రైమర్లలో సీసం ఉంటుంది. కాల్చిన కేస్ లోపలి మసిలోనూ అది ఉంటుంది. అందుకే గ్లవ్స్ వేసుకుంటారు, ఆ గదిలో తినరు, పిల్లల్ని రానివ్వరు. రేంజ్‌లో ఏరిన గొట్టాన్ని పిల్లలకు ఆటబొమ్మగా ఇవ్వడం ఎంత తప్పో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

తర్వాత సైజు చేయడం. కాల్చినప్పుడు కేస్ ఉబ్బింది కదా. దానికి కందెన రాసి, గట్టి ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్లీ పాత కొలతకు తెస్తారు. ఇలా నొక్కినప్పుడు ఇత్తడి పొడవుకు సాగుతుంది. .308 కేస్ పొడవు 51.18 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మూతి బుల్లెట్‌ను బిగించేసి ఒత్తిడి పెంచేస్తుంది. అందుకే కొలిచి, 50.93 మిల్లీమీటర్ల దగ్గరికి కత్తిరిస్తారు. తేడా పావు మిల్లీమీటరే! కానీ ఆ పావు మిల్లీమీటర్ దగ్గరే భద్రత ఉంది.

ఇత్తడిని పదే పదే ఉబ్బించి, నొక్కితే గట్టిపడి పెళుసవుతుంది. సొట్టలు తీసేవాళ్లు బిందెను కాల్చి మెత్తబరచడం చూసే ఉంటారు. ఇక్కడా అదే పని. కాకపోతే మూతి భాగాన్ని మాత్రమే వేడి చేస్తారు. అడుగు భాగానికి వేడి తగలకూడదు. అది మెత్తబడితే అంత ఒత్తిడిని ఆపలేదు.

ఇదంతా అయ్యాక కూడా ఇంకా కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ మిగిలే ఉంటాయి. వాటికి అచ్చయిన కొలతల పుస్తకాలు ఉంటాయి. అందాజాకు చేసే పని కాదది. 1976 ఏప్రిల్ 13న ఫిన్లాండ్‌లోని లాపువా పట్టణంలో తూటాల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మంది చనిపోయారు. అనుభవం ఉన్న కార్మికులు, పద్ధతి ప్రకారం నడిచే ఫ్యాక్టరీలోనే అలా జరిగితే, వీడియో చూసి ఇంట్లో ప్రయోగం చేసేవాళ్ల సంగతి చెప్పాలా?

వానాకాలంలో గుర్రపుశాల నేర్పిన పాఠం

ఇత్తడి కేస్ చరిత్రలో మన దేశానికీ ఒక పేజీ ఉంది. బ్రిటిష్ పాలన రోజుల్లో సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక తీసి చూస్తే కేసులు వాటంతట అవే పగిలి ఉండేవి! ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. కారణం అంతుబట్టలేదు. దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు.

1921లో బ్రిటన్ పరిశోధకులు గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమతో కలిసి, తయారీలో లోపల బిగుసుకుపోయిన ఇత్తడిని చీల్చేస్తోందని తేల్చారు. తగినట్టు వేడి చేసి ఆ బిగువు తగ్గించడం, అమ్మోనియాకు దూరంగా ఉంచడం.. ఇవే పరిష్కారాలు. అందుకే నేటికీ కేసులు శుభ్రం చేసేవాళ్లు అమ్మోనియా ఉన్న పాలిష్‌లను ముట్టుకోరు.

మన చట్టం ఏం చెబుతోంది?

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు అంటే నిండు తూటా ఒక్కటే కాదు. తూటా విడిభాగాలు, తూటాలు తయారు చేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అంటే ఇత్తడి కేస్, దాన్ని నొక్కే అచ్చు యంత్రం కూడా చట్టం కళ్లలో మామూలు సామాన్లు కావు.

లైసెన్స్ లేకుండా మందుగుండు తయారు చేయడాన్ని సెక్షన్ 5 నిషేధిస్తోంది. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. లైసెన్స్ లేకుండా మందుగుండు దగ్గర ఉంచుకుంటే సెక్షన్ 25 కింద కేసు, జైలు శిక్ష. విదేశాల నుంచి తేవాలన్నా సెక్షన్ 10 కింద లైసెన్స్ కావాలి. అమెరికాలో హాబీ కదా అని అచ్చు, కేసులు సూట్‌కేస్‌లో వేసుకొని రావడం కుదరదు.

అయితే చట్టంలో ఊరట కూడా ఉంది. సెక్షన్ 45 ప్రకారం, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకుండా ఉన్న చిన్న విడిభాగాలకు ఈ చట్టం వర్తించదు. కీచైన్‌గా మారిన ఒక పాత ఖాళీ కేస్ లాంటి వాటి విషయంలో లాయర్లు చూపించేది దీన్నే.

ఇంకొకటి. తన దగ్గర అది ఉందని తెలిసి ఉంటేనే నేరం అన్నది కోర్టులు చెబుతూ వస్తున్న మాట. 1972లో గున్వంత్‌లాల్ కేసులో, 1994లో సంజయ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. బ్యాగ్‌లో తెలియకుండా ఉండిపోయిన ఒక్క తూటా కేసులను ఈ సూత్రంతోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి.

కానీ గుర్తుపెట్టుకోండి. ఊరట దొరికేది కోర్టులో. ఆ లోపు దర్శనం టికెట్ పోతుంది, పోలీస్ స్టేషన్, ల్యాబ్ రిపోర్ట్, లాయర్ ఫీజు, వాయిదాలు.. అన్నీ వరుసగా వస్తాయి. అది ఖాళీదా, నిండుదా అని తేల్చాల్సింది కూడా మీరు కాదు, నిపుణులు.

పోలీసులు ఖాళీ కేసులను ఎందుకు లెక్కపెడతారు?

ప్రతి తుపాకీ తను కాల్చిన కేస్ మీద గుర్తులు వదిలేస్తుంది. ప్రైమర్ మీద పిన్ను పోటు, అడుగున ఒత్తుకున్న గీతలు, బయటికి లాగిన కొక్కెం గాటు. వీటిని మైక్రోస్కోప్ కింద పోల్చి ఏ తుపాకీ నుంచి వచ్చిందో ఫోరెన్సిక్ నిపుణులు చెప్పగలరు. అంటే మీ బ్యాగ్‌లో ఉన్న ఆ అనాథ గొట్టం ఎక్కడిదో, ఎవరు కాల్చిందో మీకు తెలియదు. అది ఏ కేసుకు సంబంధించిందో అసలే తెలియదు. ఫైరింగ్ ప్రాక్టీస్‌లో ఇచ్చిన తూటాలకు లెక్కగా ఖాళీ కేసులు వెనక్కి తీసుకోవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. బయటికి పోయిన ఖాళీ కేస్ మళ్లీ నిండు తూటాగా మారొచ్చన్నది ఇంకొకటి.

ఎన్‌సీసీ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి. క్యాంపులో వాడే .22 తూటా చిన్నదే. దాని ప్రైమర్ మందు అంచులోనే ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ నింపడం మామూలుగా జరిగే పని కాదు. అయినా జ్ఞాపకంగా జేబులో వేసుకున్న ఆ ఖాళీ గొట్టం స్కానర్‌లో తూటాలాగే కనిపిస్తుంది.

కొండకు బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

1. ట్రిప్‌కు వాడే బ్యాగ్ ఎవరిది, ఇంతకుముందు ఎక్కడికి వెళ్లింది? పోలీస్, ఆర్మీ ఉద్యోగులు, ఎన్‌సీసీ క్యాడెట్లు, షూటర్లు ఉన్న ఇళ్లలో బ్యాగ్ జేబులన్నీ బోర్లించి చూడాలి.

2. తూటా ఆకారంలో ఉండే కీచైన్లు, లైటర్లు, లాకెట్లు ఇంట్లోనే వదిలేయండి. నకిలీదైనా మీ టైమ్, క్యూలో వెనకవాళ్ల టైమ్ వృథా అవుతుంది.

3. గన్ లైసెన్స్ ఉన్నా సరే, కొండకు తూటాలు తేవద్దు. ఊరు వదిలి వెళ్లేటప్పుడు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసే వీలు చట్టంలోనే ఉంది.

4. చెక్ పోస్ట్ దగ్గరికి వచ్చాక మీకే కనిపించిందా? పొదల్లోకి విసరడం, చెత్తబుట్టలో వేయడం అస్సలు వద్దు. నిండు తూటా మంటల్లో పడితే పేలుతుంది. స్కానింగ్‌కు ముందే భద్రతా సిబ్బందికి మీరే చెప్పండి. దాచలేదనడానికి అదే మీకు మొదటి సాక్ష్యం.

5. ఇంట్లో పాత సామాన్లలో తూటాలు, కేసులు దొరికితే ఇత్తడి రేటు చూసి పాత సామాన్ల షాపుకు వేయొద్దు. కరిగించేటప్పుడు అందులో ఒక్కటి నిండుది ఉన్నా ప్రాణాల మీదికి వస్తుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, కాగితం మీద రాయించుకోండి.

6. రైఫిల్ షూటింగ్ మీద ఇష్టం ఉంటే రైఫిల్ క్లబ్‌లో చేరండి. తూటాలు లైసెన్స్ ఉన్న చోటే కొనండి. రీలోడింగ్ వీడియోలు చూడటం వేరు, ఇంట్లో చేయడం వేరు.

ఇత్తడి గొట్టం చేతిలో పట్టుకుంటే పది గ్రాముల పైచిలుకు బరువు. 62,000 పీఎస్ఐ ఒత్తిడిని ఆపింది అదే. మళ్లీ నింపితే మళ్లీ ప్రాణం తీయగలిగేదీ అదే. అందుకే చట్టం దాన్ని చెత్తగా చూడదు, అలిపిరి స్కానర్ కూడా చూడదు. గోవిందా అంటూ మెట్టెక్కే ముందు ఒక్క నిమిషం.. బ్యాగ్ జేబులన్నీ ఓసారి తడుముకోండి!